ఉప్పు తగిలిందా

పంటు దిగి
ఇసకలో స్కూటీ తోసుకుంటూ
నలభై ఏడో నంబరు మనిషి ఇల్లు వెతుకుతున్నాను.
సంచిలో ప్రశ్నల కాగితాలు, టార్చిలైటు,
మొద్దు సూది సిరంజి, చిన్న సీసాలో ఉప్పునీళ్లు.

ఆపరేషన్ అయి ఏడాది నిండినవాళ్లందర్నీ
మళ్లీ చూసి రమ్మన్నారు డాక్టరుగారు.
"బాగుందన్న మాట నాకొద్దు, మర్యాదకి అందరూ అదే అంటారు.
గొంతులో ఉప్పు తగిలిందో లేదో
అది రాసుకు రా."

పితాని చింతాలు. యాభై ఎనిమిది.
పీచు మిల్లులో ఇరవై రెండేళ్లు.
ఎడమ కన్ను. కన్నీటి గొట్టం మూసుకుపోయింది.
నా కాగితంలో ఆమె ఇంతే.

నాకు గుర్తున్నది వేరే.
చీటీ వెనక డాక్టరుగారు బొమ్మ గీశారు:
కంటి కొసన ఆవగింజంత రంధ్రాలు రెండు,
కింద ఒక సంచి,
ఆ కింద ముక్కులోకి దిగే సన్నటి దారి.
ఆమె చీటీ అటూ ఇటూ తిప్పి చూసింది.
"గుర్రపుడెక్క పట్టేసిన బోదె కాదేటండీ ఇది?"

పాత దారి తవ్వం, అన్నారాయన.
పక్కన ఎముకలో గండి కొట్టి కొత్త దారి ఇస్తాం.
గండి అనగానే ఆమె లేచి నిలబడింది.
"గండి పడితే ఊళ్లు పోతాయండి మాకు.
మీరు కావాలని కొడతారా!"
కర్నూలు వైపు మనిషి, ఆయనకి అర్థం కాలేదు.
గన్నవరంలో ఏటి మీంచి కాలవ దాటించారు చూశావా,
అలాంటిదేనని నేను చెబితే
కూర్చుంది.

ఇప్పుడు అరుగు మీద తాడు పేనుతోంది.
ముక్కు పక్కన గీత వెతికితేగాని కనపడదు.

గాలికి నీరు కారుతోందా? లేదు.
చీము, వాపు? లేవు.
రోజుకి ఎన్నిసార్లు తుడుచుకుంటారు?
"పైటకొంగు ఆరే ఉంటందమ్మా."
తల వెనక్కి వంచి, రెప్ప లాగి,
నీళ్లు మెల్లగా ఎక్కించాను.
ఒక్క గుటక.
"తగిలింది. సముద్రం పోసేవు నోట్లో."
టిక్కు పెట్టాను.

చివరి ప్రశ్న. తృప్తి, అయిదుకి ఎంత?

తాడు ఆగింది.

"ఆ కన్ను కారినన్నాళ్లూ
ఏది జబ్బో ఏది ఏడుపో
ఎవరికీ తెలిసేది కాదమ్మాయ్.
ఈ రేవులో పంటు నడిపే మనిషి పోయినప్పుడు
ఏడవడానికి నాకు వరసేం లేదు.
అతని పెళ్లాం ఏడిసింది. అక్కసెల్లెళ్లు ఏడిసేరు.
నేను పీచు దులుపుతా
ఏడాదిపాటు ఏడిసేను, మిల్లు నిండా జనం మధ్య.
'సింతాలు కన్నంతేలే' అనుకున్నారు.
ఎవరూ ఓదార్సలేదు.
ఎంత సుకమో.

ఇప్పుడు సుక్క రాలితే సాలు,
పక్కింటిది గరిటె కూడా దించకుండా పరిగెత్తుకొచ్చేత్తంది,
ఏమైందొదినా అని."

నేను పెన్ను పట్టుకుని కూర్చున్నాను.
ఇది రాయడానికి గడి లేదు.
ఇంకా అరవై ముగ్గురున్నారు నా జాబితాలో.
మిగతావాళ్లని ఇన్నాళ్లూ ఏమడిగానో,
వాళ్లేం మింగారో.

"నాలుగు రాసుకో," అంది మళ్లీ తాడందుకుని.
"ఆ ఒకటీ నాకుంచు."

బోండాం కొట్టి ఇచ్చింది, డబ్బులు తీసుకోలేదు.

తిరుగు పంటు మీద ఎవరో కుర్రాడు టిక్కెట్టు చింపాడు.
పాతాయన పేరేంటని అడగబోయి
చిల్లర అడిగాను.

ఎండాకాలం పోటు ఎదురెక్కి
గౌతమి ఇక్కడిదాకా ఉప్పనవుతుందట.
అంచున వంగి
వేళ్లు ముంచి
నాలిక మీద పెట్టుకున్నాను.